బిట్‌కాయిన్‌లో డబ్బు దాచుకోవచ్చా? లెక్క వేసే పద్ధతి, దాచే పద్ధతి

సార్వా ధాన్యం డబ్బు పడినా, రొయ్యల చెరువు పట్టుబడి అయినా, కువైట్ నుంచి అబ్బాయి పంపినా, ఖర్చులు పోగా మిగిలింది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న భీమవరం నుంచి అమలాపురం దాకా ఒక్కటే. బంగారం, స్థలం, బ్యాంకు, వడ్డీ నోటు మనకి తెలిసిన దారులు. వాటి పక్కన ఇప్పుడు క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్లలోనే ఉండే నాణేలు, వచ్చి చేరింది. దాచుకోవడానికి అది పనికొస్తుందా అంటే మా జవాబు ముందే చెప్పేస్తున్నాం. తేదీ ఉన్న డబ్బుకి, అంటే ఫలానా రోజుకి కావాల్సిన డబ్బుకి, అది పనికిరాదు. తేదీ లేని డబ్బులో చిన్న వాటాకి, అదీ బిట్‌కాయిన్ వరకే, లెక్క నిలబడుతుంది. ఆ వాటా ఎంతో తేల్చుకోవడం, కొనడం, పోకుండా చూసుకోవడం ఎలాగో కింద చెప్తున్నాం.

ముందు డబ్బుకి తేదీ వెయ్యండి

ఒక నోటు పుస్తకం తీసి, వచ్చే ఐదేళ్లలో కట్టాల్సినవన్నీ నెల, సంవత్సరంతో సహా రాయండి. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలేసరికి విత్తనం, దమ్ము, నాట్ల కూలి. తర్వాత ఎరువులు, కోత మిషను అద్దె. కౌలు కట్టే గడువు. పిల్లల కాలేజీ ఫీజు. చీటీ పాడుకున్నవాళ్లయితే మిగిలిన వాయిదాలు. బ్యాంకులో కుదువలో ఉన్న బంగారం విడిపించే తేదీ. అమ్మాయి పెళ్లి. ఇవన్నీ తేదీ ఉన్న డబ్బు. రెండు పంటల మధ్య చేతిలో ఆడే డబ్బు కూడా ఇందులోదే. రొయ్యల రైతుకి ఈ మాట మరీ ముఖ్యం. చెరువులో తెల్లమచ్చ వచ్చి పంట పోయిన నెలలోనే మేత డీలరు బాకీ అడుగుతాడు. ఆ నెలలో బిట్‌కాయిన్ ధర ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఐదేళ్లే ఎందుకంటే, బిట్‌కాయిన్ పడి లేచిన చరిత్ర చూడండి. 2017 డిసెంబరులో దాదాపు 20 వేల డాలర్లకి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి 3,200 దరిదాపుల్లో ఉంది. పాత ధర మళ్లీ కనపడింది 2020 చివర్లో. 2021 నవంబరులో 69 వేల డాలర్లు తాకి, సరిగ్గా ఏడాదికి 16 వేల కిందకి దిగింది. ఆ ఎత్తుకి మళ్లీ చేరింది 2024 మార్చిలో. అంటే శిఖరం మీద కొన్నవాళ్లు అసలు చూడ్డానికి ఒకసారి మూడేళ్లు, ఇంకోసారి రెండేళ్ల నాలుగు నెలలు ఆగాల్సి వచ్చింది. 75 శాతం పడ్డది మళ్లీ అసలుకి రావాలంటే ఉన్నచోటు నుంచి నాలుగింతలు కావాలని కూడా గుర్తుంచుకోండి. మూడేళ్ల ఎదురుచూపు మీద ఇంకో రెండేళ్లు వెసులుబాటు కలిపి ఐదేళ్లు అంటున్నాం. మళ్లీ లేస్తుందన్న హామీ ఇందులో లేదు, ఇంతకుముందు లేచింది అంతే.

బంగారం కూడా పడుతుంది, ఆ మాట దాచకూడదు. 2011లో ఔన్సు 1,900 డాలర్లున్న బంగారం 2015 చివరికి 1,050 దగ్గరకి వచ్చింది. అదే కాలంలో రూపాయి కూడా పడటంతో మన ఊళ్లలో ఆ దెబ్బ అంతగా తెలియలేదు. కానీ అమలాపురంలో అయినా తణుకులో అయినా రెండు కాసుల గొలుసు పట్టుకుని పొద్దున్న బ్యాంకుకి వెళ్తే మధ్యాహ్నానికి అప్పు చేతికొస్తుంది. ధర పడ్డ రోజున అమ్మక్కర్లేకుండా గండం గట్టెక్కే సదుపాయం అది. బిట్‌కాయిన్ చూపించి అడిగితే ఏ బ్యాంకూ పంట అప్పు ఇవ్వదు. అవసరమొస్తే అమ్మడమే దారి, ఆ రోజు ధర ఎంతుంటే అంతకి. దాచుకునే వస్తువుగా బిట్‌కాయిన్‌కి ఉన్న అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం. ఎగుడుదిగుళ్ల గురించి అందరూ మాట్లాడతారు, కుదువ పెట్టలేకపోవడం గురించి ఎవరూ మాట్లాడరు.

దాని బలం ఎక్కడుంది?

మొత్తం 2 కోట్ల 10 లక్షల బిట్‌కాయిన్లకి మించి పుట్టవు. 2009 జనవరి నుంచి ఇప్పటికి 1 కోటి 90 లక్షలకి పైగా వచ్చేశాయి. సుమారు నాలుగేళ్లకోసారి కొత్తగా వచ్చేవి సగానికి తగ్గుతాయి. 2024 ఏప్రిల్ నుంచి పది నిమిషాలకొక బ్లాకు (లావాదేవీల కట్ట) చొప్పున, బ్లాకుకి 3.125 మాత్రమే వస్తున్నాయి. ఏ ప్రభుత్వమూ, ఏ కంపెనీ ఇంకొన్ని అచ్చు వెయ్యలేదు. ఒక్క బిట్‌కాయిన్ని 10 కోట్ల ముక్కలు చెయ్యొచ్చు కాబట్టి ఐదొందలకి కూడా కొనొచ్చు. తరుగు, మజూరీ లేవు. స్థలంలా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుల బరువు లేదు.

ఇదంతా సరఫరా వైపు కథ. ధర కట్టేది మాత్రం కొనేవాళ్లు. భూమికి పంటో కౌలో వస్తుంది, ఎఫ్‌డీకి వడ్డీ వస్తుంది. బిట్‌కాయిన్ ఏమీ పండదు. రేపు ఇంకొకరు ఎక్కువిచ్చి కొంటేనే దానికి విలువ. ధరలు మండిపోయినప్పుడు అది కాపాడుతుందన్న మాటకి పెద్ద పరీక్ష 2022లో వచ్చింది. ఆ జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఆ ఏడాది మొత్తంలో బిట్‌కాయిన్ 60 శాతానికి పైగా పడింది. ఆదుకోవాల్సిన సమయంలో ఆదుకోలేదు.

ఇక మిగిలిన నాణేలు. డోజ్‌కాయిన్ ఏటా 500 కోట్లకి పైగా కొత్తగా పుడుతుంది, హద్దు లేదు. ఇథీరియం నాణెమైన ఈథర్‌కి కూడా గట్టి పరిమితి లేదు. దాన్ని కొనేవాళ్లు వేరే కారణాలతో కొంటారు, దాచుకోవడానికి కాదు. ధరని డాలర్‌కి కట్టిన యూఎస్‌డీటీ లాంటి నాణేలు కొనడం డాలర్లు దాచుకోవడం లాంటిదే. వడ్డీ రాదు, పైగా జారీ చేసిన కంపెనీ మీద ఆధారపడాలి. 2022 మేలో టెర్రా అనే అలాంటి నాణెం డాలరు నుంచి జారి కొద్దిరోజుల్లో మట్టిగొట్టుకుపోయింది. పేరు మొన్నే విన్న కొత్త నాణేల (టోకెన్ల) జోలికి అసలు వెళ్లొద్దు. అచ్చు వేసే తాళం ఎవరి జేబులో ఉందో తెలియని వస్తువులో డబ్బు దాచలేం.

ఎంత పెట్టాలి?

ఒక కొలత చెప్తాం. పెట్టింది మొత్తం సున్నా అయినా, ఆ నష్టం మీ మిగతా డబ్బు మీద ఒక ఏడాది వడ్డీని మించకూడదు.

తేదీ లేని డబ్బు 10 లక్షలు ఉందనుకోండి. 5 శాతం, అంటే 50 వేలు బిట్‌కాయిన్‌కి తీసి, 9 లక్షల 50 వేలు 6.5 శాతం ఎఫ్‌డీలో వేస్తే ఏడాదికి వడ్డీ 61,750. బిట్‌కాయిన్ మొత్తం పోయినా ఏడాది తిరిగేసరికి అసలు 10 లక్షలు దాటే ఉంటుంది. అదే 20 శాతం పెట్టి పోగొట్టుకుంటే 8 లక్షల మీద వడ్డీ 52 వేలు, నష్టం 2 లక్షలు. అది పూడాలంటే దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది. కాబట్టి 5 శాతం పై హద్దు. 2 శాతం దగ్గర ఆగినా తప్పేం లేదు. ఎఫ్‌డీ వేసేటప్పుడు డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒకరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకేనని చూసుకుని మూడు బ్యాంకుల్లో వెయ్యండి.

నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బిట్‌కాయిన్ కొనడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లలో అది జరుగుతోంది. ఏడాదికి 24 శాతం వడ్డీ. పైగా వచ్చిన లాభంలోంచి ఆ వడ్డీని పన్ను లెక్కలో తీసెయ్యనివ్వరు. బంగారం తాకట్టు పెట్టి కొనడం కూడా ఇలాంటిదే. వద్దు.

పన్ను: ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. కొన్న ధర ఒక్కటే తీసెయ్యొచ్చు. ఇంకే ఖర్చూ చెల్లదు. పదేళ్లు ఉంచినా రేటు తగ్గదు. మిగతా ఆదాయం ఏమీ లేని గృహిణి పేరున కొన్నా, పన్ను పడని ఆదాయ పరిమితి ఈ లాభానికి అక్కరకి రాదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని దీన్నీ అందులో కలిపేవాళ్లున్నారు, అది కుదరదు.

అన్నిటికంటే గట్టి నిబంధన, నష్టాన్ని లాభంలోంచి తియ్యనివ్వకపోవడం. ఉదాహరణ చూడండి. లక్షకి కొన్న బిట్‌కాయిన్ని 1,60,000కి అమ్మారు, లాభం 60 వేలు. అదే ఏడాది ఇంకో టోకెన్‌లో 40 వేలు పోయింది. మీ చేతికి నిజంగా మిగిలింది 20 వేలు. పన్ను మాత్రం 60 వేల మీద పడుతుంది: 18,000, సెస్సు 720, మొత్తం 18,720. చివరికి మిగిలేది 1,280 రూపాయలు. ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. నాలుగైదు రకాలు కలిపి కొనడం షేర్లలో తెలివైన పనేమో గానీ, ఈ చట్టం కింద క్రిప్టోలో అది నేరుగా నష్టం. ఒక్క బిట్‌కాయిన్‌తోనే ఆగమనడానికి ఇది రెండో కారణం.

అమ్మినప్పుడు మొత్తం మీద 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) ఎక్స్ఛేంజీ, అంటే నాణేలు కొని అమ్మే యాప్ నడిపే కంపెనీ, పట్టుకుంటుంది. లక్షా అరవై వేలకి 1,600. ఇది పన్నులో జమ అవుతుంది గానీ రిటర్ను వేస్తేనే లెక్కలోకొస్తుంది. ఒక నాణెం ఇచ్చి ఇంకో నాణెం తీసుకున్నా అమ్మినట్టే, అక్కడా పన్ను లెక్క మొదలవుతుంది. కొన్న ప్రతిసారీ తేదీ, పరిమాణం, రూపాయల్లో ధర ఒక పుస్తకంలో రాసుకోండి. ఎక్స్ఛేంజీ మూతపడితే ఆ వివరాలు దొరకవు, కొన్న ధర రుజువు చూపించలేకపోతే ఇబ్బంది మీదే.

కొనడం

క్రిప్టో మన దేశంలో చెల్లుబాటు నగదు కాదు. కొనడం, ఉంచుకోవడం నేరమూ కాదు. 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి పెట్టిన ఆంక్షని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు ఆర్థిక నిఘా విభాగం, అంటే ఎఫ్‌ఐయూ దగ్గర నమోదు కావాలి. మీరు ఎంచుకున్నది నమోదైందో లేదో మొదట చూసుకోండి. నమోదు ఉంటే డబ్బు భద్రమని అర్థం కాదు. దానికి బీమా లేదు. 2024 జులైలో మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగిలించారు. ఖాతాదారుల డబ్బు నెలల తరబడి ఆగిపోయింది. విదేశీ ఎక్స్ఛేంజీల్లో 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలింది, 2014లో మౌంట్ గాక్స్.

పెద్ద మొత్తం వెయ్యకముందు వెయ్యి రూపాయలతో రెండు పరీక్షలు చెయ్యండి. వెయ్యికి కొని, వెంటనే అమ్మి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడేదాకా చూడండి. ఎంత తిరిగొచ్చిందో చూస్తే ఆ ఎక్స్ఛేంజీ రుసుము, కొనే అమ్మే ధరల తేడా అంతా తేలిపోతుంది. టీడీఎస్ పక్కన పెట్టి చూసినా వెయ్యికి 970 కంటే తక్కువ వస్తే ఇంకోటి వెతుక్కోండి. రెండోది, కొన్న నాణేన్ని బయట మీ సొంత వాలెట్‌కి, అంటే తాళం మీ దగ్గరే ఉండే సంచికి, పంపనిస్తుందో లేదో చూడండి. పంపనివ్వకపోతే మీ దగ్గరున్నది బిట్‌కాయిన్ కాదు, ఆ కంపెనీ మీకు బాకీ ఉందన్న మాట.

తర్వాత 50 వేలు ఒకేసారి వెయ్యకుండా, నెలకి 2,500 చొప్పున 20 నెలలు కొనండి. ధర ఎటుపోతుందో చూసి ఆపడం, పెంచడం చెయ్యొద్దు.

ధాన్యం డబ్బు, పింఛను, డ్వాక్రా లావాదేవీలు జరిగే ఖాతాని దీనికి వాడొద్దు. వేరే ఖాతా తెరవండి. ముక్కూమొహం తెలియనివాడి దగ్గర నేరుగా కొనడం, అమ్మడం అసలే వద్దు. అవతలివాడు మీకు పంపిన డబ్బు సైబర్ మోసంలో ఎవరి దగ్గరో కొట్టేసినదైతే, పోలీసులు ఆ డబ్బు ఏ ఖాతాల్లోంచి వెళ్లిందో పట్టుకుంటూ వచ్చి మీ ఖాతాని కూడా ఆపేయిస్తారు. నాట్ల వేళ ఖాతా స్తంభిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గల్ఫ్ నుంచి డబ్బు క్రిప్టోగా పంపుతామనే ఏజెంట్లతో కూడా ఇదే ప్రమాదం.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజుకి 1 శాతం ఇస్తామనేవాళ్లు మోసగాళ్లే, ఇందులో ఆలోచించాల్సింది లేదు. యాప్‌లో అంకె పెరుగుతూ కనిపిస్తుంది. తియ్యబోతే ముందు పన్ను కట్టమని యూపీఐ నంబరిస్తారు. ప్రభుత్వ పన్ను ఎప్పుడూ అలా వసూలు చెయ్యరు. అప్పటికే పంపేసి ఉంటే ఆ గంటలోనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

దాచడం: 24 మాటలు, ఒక స్టీలు రేకు

పెట్టింది 50 వేలు దాటాక ఎక్స్ఛేంజీలో ఉంచకుండా హార్డ్‌వేర్ వాలెట్, అంటే బిట్‌కాయిన్ తాళం దాచే చిన్న పరికరం, తీసుకోవడం మంచిది. పరికరం ధర వేలల్లో ఉంటుంది కాబట్టి అంతకు తక్కువకి గిట్టదు. తయారు చేసిన కంపెనీ నుంచే నేరుగా కొనండి. ఆ డబ్బుకి తాళంచెవి కొన్ని రహస్య మాటలు. పెట్టెలో ముందే ఆ మాటలు రాసిన కాగితం వస్తే అది దొంగ సరుకు, తిప్పి పంపెయ్యండి. మాటలు పరికరం తెర మీద, మీ కళ్లముందు కొత్తగా పుట్టాలి.

అవి 12 గానీ 24 గానీ ఇంగ్లీషు మాటలు. 2,048 మాటల జాబితాలోంచి వస్తాయి. పరికరం పోయినా ఈ మాటలుంటే డబ్బు ఉన్నట్టే. మాటలు పోతే మాత్రం తెచ్చిపెట్టే దిక్కు లేదు. వీటిని ఫోన్‌లో ఫోటో తియ్యొద్దు, ఎవరికీ మెసేజ్ పెట్టొద్దు. ఫోటోలు మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి వెళ్లిపోతాయి.

కాగితం మన దగ్గర నిలవదు. చెద, ఉప్పుగాలి, వర్షాకాలం చెమ్మ ఉండనే ఉన్నాయి. 1986 వరద, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి ఇంట్లో కాగితాలు ఏమవుతాయో బాగా తెలుసు. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, 12 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం, కోయించి తెచ్చుకోండి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లయితే 316 గ్రేడు మేలు. హార్డ్‌వేర్ షాపుల్లో 4 మిల్లీమీటర్ల అక్షరాల పంచ్ సెట్టు, అంకెల సెట్టు దొరుకుతాయి. ప్రతి మాటకీ మొదటి నాలుగు అక్షరాలు కొడితే చాలు, ఆ జాబితాలో ఏ రెండు మాటలకీ మొదటి నాలుగు ఒకటి కావు. ముందు వరుస సంఖ్య, తర్వాత నాలుగు అక్షరాలు, మూడు నిలువు వరుసల్లో ఎనిమిదేసి మాటలు పడతాయి. మూడక్షరాల మాటలు కూడా ఉంటాయి, వాటికి నాలుగో చోట గీత కొట్టండి. లేకపోతే తర్వాత చూసినవాళ్లు అక్షరం పడలేదనుకుంటారు.

పంచ్ నిటారుగా పట్టి, కిలో సుత్తితో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ వేస్తే అక్షరం రెండుగా పడుతుంది. కింద ఇనప దిమ్మ ఉండాలి. చెక్క మీద పెట్టి కొడితే రేకు వంగుతుంది గానీ అక్షరం దిగదు. 6 తిరగేస్తే 9 అవుతుంది, కొన్ని సెట్లలో ఎమ్ తిరగేస్తే డబ్ల్యూలా కనిపిస్తుంది. పంచ్ కాడ మీద గుర్తు ఏ వైపుందో చూసుకుని ముందు పాత రేకు ముక్క మీద కొట్టి చూడండి. గిన్నెల మీద పేర్లు కొట్టే షాపుకి ఈ పని ఇవ్వొద్దు. అక్కడ చేతిపని చక్కగా ఉంటుంది, కానీ ఆ మాటలు చూసిన ప్రతి మనిషీ మీ డబ్బుకి వారసుడే.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎక్స్ఛేంజీ నుంచి వాలెట్‌కి కొద్ది మొత్తం పంపండి. పంపేముందు వాలెట్ అడ్రసు (ఖాతా నంబరు లాంటిది) మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు పరికరం తెరతో సరిపోల్చండి. కాపీ చేసిన అడ్రసుని మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. డబ్బు చేరాక పరికరాన్ని పూర్తిగా చెరిపెయ్యండి. స్టీలు రేకు చూసి మాటలు మళ్లీ ఎక్కించండి. ఆ కొద్ది మొత్తం తిరిగి కనిపిస్తే రేకు సరిగ్గా ఉన్నట్టు. అప్పుడే మిగిలింది పంపాలి. ఈ పరీక్ష వదిలేసినవాళ్లకి తప్పు తెలిసేది పరికరం పాడయ్యాకే, అప్పటికి చేసేదేమీ ఉండదు.

రేకులు రెండు చేసి, ఒకే వరద రెండింటినీ ముంచని చోట్ల పెట్టండి. ఒకటి లంక ఊళ్లో ఉంటే రెండోది రాజమండ్రిలో బ్యాంకు లాకర్లో. పాస్‌ఫ్రేజ్ అనే అదనపు మాట పెట్టుకునే వీలుంది. కొత్తవాళ్లు పెట్టుకోవద్దు. అది మర్చిపోతే డబ్బు పోయినట్టే.

ఇంట్లోవాళ్లకి చెప్పడం

సొంత వాలెట్‌కి నామినీ ఉండడు. మీరు లేనప్పుడు భార్యో భర్తో కొడుకో దాన్ని తియ్యాలంటే, మూడు సంగతులు ఒక కాగితం మీద మామూలు తెలుగులో రాసి ఎఫ్‌డీ పత్రాలతో పాటు ఉంచండి: ఇలాంటిది ఉందని, రేకు ఎక్కడుందని, ఏ రకం పరికరంలో ఎక్కించాలని. ఆ 24 మాటలు మాత్రం ఆ కాగితం మీద గానీ వీలునామాలో గానీ రాయొద్దు. వీలునామా పదిమంది చేతులు మారుతుంది. సహాయం చేస్తామని ఎవరొచ్చినా మాటలు చెప్పొద్దని అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒకసారి ఇంట్లోవాళ్ల చేతే, మీరు పక్కన కూర్చుని, రేకు చూసి ఎక్కించే పని చేయించండి.

అమ్మడం

ఏడాదికోసారి, దాళ్వా లెక్కలు చూసుకునే ఏప్రిల్ మొదటి వారంలో, ఇదీ చూడండి. తేదీ లేని డబ్బులో బిట్‌కాయిన్ వాటా 5 నుంచి 10 శాతానికి పెరిగి ఉంటే, మళ్లీ 5కి వచ్చేంత అమ్మి బ్యాంకులో వేసెయ్యండి. పడి 2 శాతానికి వచ్చి ఉంటే కొత్తగా డబ్బు పొయ్యొద్దు, అలాగే ఉంచండి. మార్చి చివర్లో కంటే ఏప్రిల్‌లో అమ్మితే ఆ లాభం కొత్త ఆర్థిక సంవత్సరంలోకి వెళ్తుంది. పన్ను సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ ఏడాది మొత్తం పన్ను 10 వేలు దాటేట్టుంటే ముందస్తు పన్ను వాయిదాలు కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. అమ్మిన రోజే వచ్చిన లాభంలో 31.2 శాతం వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి. రిటర్నులో క్రిప్టోకి ప్రత్యేకంగా షెడ్యూల్ వీడీఏ అని ఉంటుంది. మీ పుస్తకంలో రాసుకున్న తేదీలు, కొన్న ధరలు, అమ్మిన ధరలు అందులో వరుసగా నింపాలి. ఎక్స్ఛేంజీ పట్టుకున్న టీడీఎస్ పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద జమైందో లేదో నింపకముందే చూసుకోండి. జమ కాకపోతే ముందు ఎక్స్ఛేంజీకి రాతపూర్వకంగా అడిగి సరిచేయించుకుని, ఆ తర్వాతే రిటర్ను వెయ్యండి.